పక్కింటి బేరియం

లాప్‌టాప్ తెరవమంటే శిష్యురాలు చేతులు వెనక్కి లాక్కుంది. తనకు భయంగా ఉందని, మేడమే తెరవాలని అంది. ప్రొఫెసర్ నవ్వి, టిఫిన్ ప్లేట్లు పక్కకు జరిపి, లాప్‌టాప్ తనవైపు తిప్పుకుంది. అబ్జర్వేటరీ నుంచి ఫైలు తెల్లవారగానే వచ్చింది. ఆదివారం. డిపార్ట్‌మెంట్ తెరిచేదాకా ఆగే ఓపిక లేక పిల్లను ఇంటికే పిలిపించింది.

అంత తొందరేమిటని అత్తగారు అడిగింది. కోడలు చుక్కలు చూస్తుందని తప్ప ఆవిడకు ఇంకేమీ తెలియదు.

ఫైలు దిగేలోగా ప్రొఫెసర్ హుషారుగా చెప్పుకొచ్చింది. ఒక నక్షత్రం వెలుగును విడగొట్టి చూస్తే, అందులో బేరియం అనే లోహం ఉండాల్సినదానికన్నా చాలా ఎక్కువగా ఉంది. దాన్ని ఆ నక్షత్రమే తన కడుపులో తయారు చేసుకుందని పాఠ్యపుస్తకాలన్నీ చెబుతున్నాయి. కాదు, పక్కనున్న జంట నక్షత్రం ముసలిదైపోతూ దీని మీద కుమ్మరించిందని ఈ పిల్ల వాదన.

“అంటే ఇంట్లో వండుకుందా, పక్కింటావిడ గిన్నెలో పెట్టిచ్చిందా అనేగా?” అంది అత్తగారు.

“అంతే అత్తయ్యా. మీరు మా క్లాసులో కూర్చోవాల్సింది.”

తేల్చుకునే దారి ఒకటుంది. బేరియం తయారయ్యే చోట టెక్నీషియం అనే మరో మూలకం కూడా తయారవుతుంది. అది నక్షత్రాల లెక్కలో ఎంతోకాలం నిలవదు, దానంతటదే తరిగిపోతుంది. ఎప్పుడో పక్కింటి నుంచి వచ్చిందైతే ఈపాటికి తరిగిపోయి ఉండాలి; సొంత వంటైతే దాని గుర్తుగా ఒక గీత వెలుగులో ఇంకా కనిపించాలి. కనిపించిందా, పిల్ల థీసిస్ చెత్తబుట్టలోకే.

నక్షత్రం వెలుగు తెర మీద వంకరటింకర గ్రాఫుగా పరుచుకుంది. ప్రొఫెసర్ దాన్ని పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. టెక్నీషియం ఉండాల్సిన చోట నున్నగా, ఖాళీగా ఉంది.

ఆమె కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచి, వంటింట్లో ఉన్న భర్తను కేకేసింది. ఆయన కాఫీ కప్పుతో వచ్చి, తెరకేసి కాకుండా ఆమె ముఖంలోకి చూశాడు. ఇంకోసారి చూసుకోమని మెల్లగా అన్నాడు.

“చూశాను. లేదంటే లేదు,” అంది. ఆమె మొహం వెలిగిపోతోంది.

శిష్యురాలు మాత్రం పరికరంలో తేడా ఉందేమోనని గొణిగింది. ప్రొఫెసర్ ఆ సందేహాన్నీ అక్కడే తేల్చేసింది. టెక్నీషియం ఉందని అందరికీ తెలిసిన మరో నక్షత్రాన్ని అదే రాత్రి, అదే పరికరంతో చూశారు. అందులో గీత నిక్షేపంలా ఉంది.

“గెలిచినదానివి, ఏడుపు మొహం పెడతావేం?” అని పిల్ల వీపు తట్టింది.

అత్తగారికి జాలేసింది. “మరి ఇన్నాళ్ళూ అది ఇంటి వంటేనని చెప్పిన పెద్దమనిషి ఏమైపోతాడు పాపం?”

“ఏమీ అయిపోరత్తయ్యా. హాయిగా కాఫీ తాగుతారు,” అంటూ ప్రొఫెసర్ భర్త చేతిలోని కప్పు అందుకుంది.

వ్యాసం ఇప్పుడే మొదలుపెట్టాలంది. కూర్చోవడానికి కూడా మనసొప్పక, బల్ల చుట్టూ తిరుగుతూ మొదటి వాక్యం చెప్పింది. ఈ నక్షత్రం తన బేరియంను తానే తయారు చేసుకుందన్న సిద్ధాంతం తప్పు. టైపు చేస్తున్న శిష్యురాలి వేళ్ళు అక్కడ ఆగిపోయాయి. అది ఎవరి సిద్ధాంతమో రాయకుండా వదిలేద్దామా అని, తల వంచుకునే అడిగింది.

“వదిలేస్తే ఎలా? పేరు పెట్టి రాయి. ఇందులో మొహమాటాలేమిటి?”

శిష్యురాలు ప్రొఫెసర్ పేరు టైపు చేసింది.