మలుపు దగ్గర ఎడమ కాలు

"ఇంకోసారి ఆడించండి" అన్నారెవరో వెనకనుంచి.

మెకానిక్ తిరిగి చూశాడు. భుజాన మాసిన సంచీ, నడివయసు దాటిన మనిషి. ఫ్యాను మోత పెడుతోందని పాత ల్యాప్‌టాప్ ఇచ్చి, చీటీ తీసుకుని కూడా పోకుండా అక్కడే నిలబడ్డాడు.

మెకానిక్‌కి అసలే పొద్దుటినుంచీ ఒకచోట కుదురు లేదు.

కార్టూన్ సినిమాలు తీసే ఆఫీసువాళ్లకు గ్రాఫిక్స్ కార్డులు కావాలి. గదినిండా కంప్యూటర్లు, అన్నింటికీ ఒకే రకం. బల్లమీద రెండున్నాయి, నల్లదొకటి, తెల్లదొకటి. ఏది మంచిదో మధ్యాహ్నానికల్లా తేల్చి చెప్పాలి.

షాపు బావమరిదిది. కిందటిసారి ఇచ్చిన సరుకు తిరిగొచ్చినప్పుడే వాడు మొహమాటం లేకుండా చెప్పేశాడు, ఈసారి మాట పోతే బావ వేరే చోటు చూసుకోవాల్సిందేనని.

అంకెలన్నీ నల్లదాని పక్షానే ఉన్నాయి. మెమరీ ఎక్కువ. వేడి తక్కువ. కరెంటు తక్కువ తాగుతుంది. సెకనుకు తెల్లది గీసే బొమ్మలకు రెండింతలు గీస్తుంది.

కానీ అతను అంకెలకు లొంగే మనిషి కాదు. అతని పద్ధతి ఒకటే. ఏ కార్డు వచ్చినా బిగించి, పరుగు బొమ్మను ఆడిస్తాడు.

కార్డుల పరీక్ష కోసమే చేసిన బొమ్మ అది. ఎవరో మనిషికి ఒంటినిండా చుక్కలంటించి, నిజంగా పరుగెత్తించి, ఆ పరుగును బొమ్మకు తొడిగారట. బొమ్మ వీధి చివరిదాకా పరుగెత్తి, మలుపు తిరిగి మాయమవుతుంది. పరుగు సాఫీగా సాగితే కార్డు మంచిది. తడబడితే చెడ్డది. షాపులో చేరినప్పటినుంచీ ఆ బొమ్మను చూసినన్నిసార్లు పెళ్లాం మొహం కూడా చూసి ఉండడు.

తెల్లదాంట్లో సాఫీగా సాగింది.

నల్లదాంట్లో మలుపు దగ్గర ఎడమ భుజం కాస్త పైకి లేచింది. ఎడమ కాలు రెప్పపాటు ఆగింది. ఆ తర్వాత మళ్లీ మామూలే.

ఇన్నేళ్లలో ఏ కార్డులోనూ ఆ కాలు ఆగలేదు.

విప్పి మళ్లీ బిగించాడు. వైరు మార్చాడు. లేచి నీళ్లు తాగొచ్చాడు. వచ్చి చూస్తే కాలు అక్కడే ఆగింది.

"అది కార్డు తప్పు కాదండీ" అన్నాడు సంచీ మనిషి. "అతను అక్కడ అలాగే పరుగెడతాడు."

"మీకేమన్నా చుట్టమా?"

"అలాగే అనుకోండి."

కౌంటరు దగ్గర బావమరిది కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వుతో మెకానిక్‌కి ఒళ్లు మండింది.

"చీటీ ఇచ్చాంగా. శుక్రవారం రండి. నిలబడి చూడ్డానికి ఇదేం సినిమా హాలు కాదు."

ఆ మనిషి తెరమీద బొమ్మ మలుపు తిరిగేదాకా చూసి, అప్పుడు కదిలాడు.

మధ్యాహ్నం ఆఫీసు మేనేజరమ్మ వచ్చింది. అంకెలు చూసి, నల్లదే మేలు కదా అని అడిగింది. మెకానిక్ పరుగు బొమ్మను ఆడించి, ఆగిన కాలును వేలుపెట్టి చూపించాడు. ఆవిడా చూసింది. నిజమేనంది. తెల్లవి వ్యాన్లో ఎక్కించుకుని పోయింది.

శుక్రవారం నాటికి అవన్నీ తిరిగొచ్చాయి. పెద్ద దృశ్యం పెట్టేసరికి మెమరీ చాలక ప్రతి కంప్యూటరూ మొరాయించిందట. వేరే షాపులో నల్లవి కొనుక్కున్నారట. వాటిలో ఏ తడబాటూ లేదట. ఇక మీ గుమ్మం తొక్కేది లేదని చెప్పి, ఫోను పెట్టేసింది మేనేజరమ్మ.

బావమరిది కేకలేయలేదు. వేసినా బాగుండేది.

"అక్కకు నేను చెప్తాలే బావా. నీ స్క్రూడ్రైవర్లు నువ్వు తీసుకో" అన్నాడు.

వాటిని గుడ్డలో చుడుతూ కూడా మెకానిక్ వాదిస్తూనే ఉన్నాడు. కళ్లారా చూశానన్నాడు. ఆవిడా చూసిందన్నాడు. ఆగిన కాలును ఆగలేదని ఎలా అనుకోమంటావన్నాడు. తలెత్తేసరికి బావమరిది అక్కడ లేడు, లోపలికి పోయాడు.

అప్పుడొచ్చాడు సంచీ మనిషి.

మెకానిక్ ల్యాప్‌టాప్ తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. ఆయన దాన్ని తెరిచి, చెవి దగ్గర పెట్టుకుని విని, తృప్తిగా సంచీలో పెట్టుకున్నాడు. బల్లకేసి చూశాడు. తెర నల్లగా ఉంది.

"ఇవాళ పరుగు లేదా?"

"ఇక ఉండదు" అన్నాడు మెకానిక్.

ఆయన ఇంకేదో అనబోయాడు. ఇంతలో వీధిలో బస్సు కదిలిన చప్పుడైంది. సంచీని గుండెలకు అదుముకుని, బయటపడి పరుగందుకున్నాడు.

మెకానిక్ అద్దాల తలుపులోంచి ఊరికే చూశాడు. బస్సు వీధి చివర తిరుగుతోంది. దాని వెనక ఆయన. మలుపు దగ్గరికి వచ్చేసరికి ఎడమ భుజం కాస్త పైకి లేచింది.

స్క్రూడ్రైవర్ల మూట చేతిలోంచి జారి గచ్చుమీద చెల్లాచెదురైంది.

నల్ల కార్డు తడబడలేదు. ఉన్నదున్నట్టు చూపించింది. తక్కువ బొమ్మలు గీసే కార్డులే ఇన్నేళ్లూ ఆ రెప్పపాటును మింగేస్తూ వచ్చాయి.

అద్దం అవతల, తాను బతుకంతా ఏ కాలును చూసి కార్డుల మంచీ చెడూ తేల్చాడో ఆ కాలు, రెప్పపాటు ఆగి, మలుపు తిరిగి మాయమైంది.