రెండో సిలువ

మహిమ మూడు నొక్కింది. పడలేదు.

గోటితో గట్టిగా పొడిచింది. అయినా పడలేదు.

ఎర్రగుంట్లలో అంగడి పెట్టుకున్నవాళ్లకు సిమెంటు దుమ్ము తోడబుట్టినట్టే. టీలో పడుతుంది, జడలో పడుతుంది, కీబోర్డులో దూరి అంకెల గొంతు పిసుకుతుంది. కుడి పక్క అంకెల్లో మూడు చచ్చి వారమైంది.

మూడు లేకుండా సిలువ రాదు.

ఆల్ట్ మీద వేలుంచి ఆ కుడి పక్క అంకెల్లోనే సున్నా, ఒకటి, మూడు, నాలుగు కొడితే సిలువ గుర్తు వచ్చి నిలబడాలి. పోయినవాళ్ల పేరు ముందు సిలువ వేయడం వాళ్ల సంఘంలో ఆనవాయితీ. పదకొండేళ్లుగా ఈ డీటీపీ అంగట్లో కూర్చుని ఎందరి పేర్ల ముందు నిలబెట్టిందో మహిమకే గుర్తులేదు.

ఇవాళ సొంత మామకు కావాల్సి వచ్చేసరికి మొండికేసింది.

మామ సామేలు పోయి తొమ్మిది రోజులు. ఆదివారం సంఘమంతా కలిసి ప్రార్థించే ఆదరణ కూడిక. పత్రికలు ఈ సాయంత్రమే పంచాలి. పక్క కుర్చీలో మరిది ప్రేమయ్య కూర్చున్నాడు. వెనక బల్ల మీద అత్త ఓబులమ్మ, పొద్దున్నుంచీ నోరు మెదపకుండా.

"ఇంతలోనే అయిపోతాదంటివి గదా వదినా."

"అయితాదిలే. దీనికి దుమ్ము పట్టింది."

మిగతా పత్రికంతా అర్ధగంటలో తయారైంది. ఎడమ మూలన ఒక పువ్వు పెట్టి, దాన్నే కాపీ చేసి మిగిలిన మూడు మూలలా అతికించింది. ప్రేమయ్య నోరు తెరుచుకుని చూశాడు.

"అబ్బ! ఒకటుంటే సాలు, ఎన్నయినా పుట్టిస్తావే!"

అప్పుడు చెప్పాడు, సిలువలు రెండు కావాలని.

మామకొకటి. కింద కొడుకుల వరసలో ఏసురాజు పేరు ముందు ఇంకొకటి.

ఏసురాజు మహిమ మొగుడు. ఏడేళ్ల కిందట సిమెంటు లోడు లారీ ఎక్కి పోయాడు. లారీ బళ్లారి దారిలో దొరికింది. మనిషి దొరకలేదు.

"పెద్దోళ్లమంతా అనుకుంటిమి వదినా. ఏడేండ్లాయ. పత్రికలో సిలువ పడితే అన్నకూ ఒక ప్రార్థన జరుగుతాది. ఎన్నేండ్లని నువ్విట్ల వాకిలికి గడె పెట్టకుండా పండుకుంటావు?"

ప్రేమయ్య చెడ్డవాడు కాడు. మహిమకు ఒళ్లు మండేది అందుకే. చెడ్డవాడైతే నాలుగు తిట్టి పంపేది. అన్న పోయిన్నుంచి ఆమె ఇంటికి బియ్యం మూట మోసింది అతనే.

మహిమ కీబోర్డును తలకిందులు చేసి దులిపింది. బూడిదలాంటి పొడి రాలింది. మూడు మాత్రం లేవలేదు.

పాత పత్రికల్లోంచి సిలువ తెద్దామని ఒకటి తెరిచింది. కొత్త కంప్యూటరు కదా, పాత ఫాంట్లు లేక సిలువ ఉండాల్సిన చోటల్లా ఖాళీ డబ్బా కనిపించింది. ఫాంటు మార్చింది. డబ్బా పోయి ఏదో ఒత్తు వచ్చి కూర్చుంది.

"థూ, దీని మొగం మండ!"

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు అప్పుడే కరెంటు పోయింది.

ముప్పావుగంటకు వచ్చింది. సేవ్ చేయని చివరి వరస ఎగిరిపోయింది. కొడుకుల పేర్లు మళ్లీ కొట్టాలి.

ఏసురాజు పేరు మళ్లీ కొట్టింది. ఒక్కో అక్షరాన్నీ గట్టిగా పొడిచింది. ఎవరి మీద కోపమో తెలియని కోపం ముంచుకొచ్చింది. మూడు మీదా, దుమ్ము మీదా, చెప్పాపెట్టకుండా పోయినవాడి మీదా.

"నీకు శాతకాకుంటే పొద్దుటూరికి పోయి కొట్టించుకొస్తాలే వదినా." ప్రేమయ్య మెల్లగా అన్నాడు.

"నా మామకు నేనే ఏస్తా. కూసో."

ఆఖరికి గుర్తుల పట్టీ తెరిచింది. సంతలో పరిచినట్టు వందల బొమ్మలు. కత్తెర, కళ్లద్దాలు, గంట, ఫోను, ఉత్తరం కవరు. పనికిమాలినవన్నీ ఉన్నాయి. ఫోను బొమ్మ దగ్గర వేలు కొంచెం ఆగింది.

ఇంకా కిందికి పోయింది.

సిలువ కనబడింది.

మౌసుతో దాని మీద టకటకా నొక్కింది. సామేలు పేరు ముందు నల్లగా, నిటారుగా వచ్చి నిలబడింది. వెనక ఓబులమ్మ ముక్కు చీదింది.

"వచ్చె!" ప్రేమయ్య కుర్చీ ముందుకు జరిపాడు. "ఇంగ దాన్నే అన్నకూ ఏసెయ్ వదినా."

మహిమ ఏసురాజు పేరు దగ్గరికి పోయింది. పేరు ముందు సన్నటి గీత వెలుగుతోంది, ఆరుతోంది. వెలుగుతోంది, ఆరుతోంది.

బయట లోడు లారీ ఒకటి గేరు మార్చుకుంటూ పోయింది. ముగ్గురి తలలూ వాకిలి వైపు తిరిగాయి.

మహిమ కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఇంగోటి లేదప్పా. ఈ కంప్యూటర్లో ఒకటే ఉండాది."

ప్రేమయ్య ఆమె వైపు చూశాడు. తర్వాత తెర వైపు చూశాడు. నాలుగు మూలలా నాలుగు పువ్వులు.

"ఒకటే ఉంటే మీ మామకే ఉండనీ అమ్మీ." ఓబులమ్మ పొద్దున్నుంచి మాట్లాడిన మొదటి మాట అది.

ప్రేమయ్య లేచాడు. ప్రింటరు దగ్గరికి పోయి, తెల్లకాగితాల కట్ట విప్పి, అంచులు సమంగా తట్టి లోపల పెట్టాడు.