ఆరో బెడ్ బెల్

ఆరో బెడ్ ఖాళీగానే ఉంది. అయినా దాని బెల్ మోగింది.

మొన్న రాత్రి ఆ బెడ్ మీద ఒక లారీ డ్రైవర్ ఉన్నాడు. తొడ దగ్గరి రక్తనాళం గుండా గుండెకు స్టెంట్ వేశారు. "సిస్టర్, నడుము విరిగిపోతోందమ్మా," అంటూ నాలుగుసార్లు బెల్ నొక్కాడు. నాలుగుసార్లూ నేను పెద్ద డాక్టరుకు ఫోన్ చేశాను. బీపీ పడిపోతోందని, లోపల రక్తం కారుతోందేమోనని చెప్పాను.

"స్టెంట్ బ్రహ్మాండంగా ఉందమ్మా. గ్యాస్ మాత్ర ఇచ్చి పడుకోబెట్టు," అన్నాడాయన.

తెల్లారేసరికి మనిషి పోయాడు.

ఈ రాత్రి అతని కేస్ షీట్ నా బల్ల మీదకు వచ్చింది. 'స్టెంట్ విజయవంతం. కాంప్లికేషన్లు లేవు.' కింద నా సంతకానికి చోటు వదిలారు. నాకు ఒళ్లు మండిపోయింది. మనిషి చచ్చిపోవడం కూడా లెక్కలోకి రాదా వీళ్లకి?

బెల్ మళ్లీ మోగింది. విసురుగా వెళ్లి దాని వైరు గోడలోంచి పీకేశాను. పరుపు మీద దుప్పటి మడత కూడా నలగలేదు. వెనక్కి వచ్చి కూర్చునేలోగా మళ్లీ మోగింది.

భయం కన్నా కోపమే ఎక్కువైంది. పెద్ద డాక్టరుకు ఫోన్ చేశాను.

"సార్, ఆరో బెడ్ పేషెంట్ నడుము నొప్పంటున్నాడు."

ఆ బెడ్‌లో ఎవరున్నారని ఆయన అడగలేదు. ఆవలించాడు.

"గ్యాస్ మాత్ర ఇవ్వమ్మా."

వార్డులో బెల్ ఆగిపోయింది. ఫోన్‌లో, ఆయన పడకగదిలో, మోగడం మొదలైంది.

"సిస్టర్... ఇక్కడేదో బెల్..."

"మాత్ర వేసుకుని పడుకోండి సార్," అన్నాను.