ఐదుకు ఐదు

"మొగుడు కప్పు తెచ్చిండు, పెండ్లాం సున్న తెచ్చింది. గా నిరోషా చేతికి తుపాకి ఇచ్చే బదులు చీపురిస్తే నయముండె" అని ఎదురింటి కస్తూరమ్మ అన్నదట.

తాండూరు పోలీసు క్వార్టర్ల పంపు దగ్గర ఆ మాటను పక్కింటి మొగులమ్మ మోసుకొచ్చి శ్రీహరి చెవిలో వేసింది. "నేనైతే అన్లే కొడుకా. ఆమె అన్నది చెప్తున్న" అని కూడా చేర్చింది.

బిందె సగం నిండకముందే ఎత్తుకుని శ్రీహరి ఇంట్లోకి వచ్చేశాడు. తల ఎత్తబుద్ధి కాలేదు.

శ్రీహరి, నిరోషా మొగుడూ పెళ్లాలు, ఇద్దరూ కానిస్టేబుళ్లే. మొన్న వికారాబాద్ గుట్ట కింద, ఏటా జరిగే ఫైరింగులో పక్కపక్కనే బోర్లా పడుకుని కాల్చారు. ఆమెది నాలుగో నంబరు, అతనిది ఐదు. మనిషికి ఐదు గుండ్లు. చేతికిచ్చినవి పాత త్రీ నాట్ త్రీ తుపాకులు. అంతకుముందే కురిసిన వాన, ఎదురుగా వరసగా నిలబెట్టిన గురి అట్టల మీది సుద్ద నంబర్లను కడిగేసింది. తమ అట్ట ఏదో ఎవరికి వాళ్లే చివరి నుంచి వేలితో లెక్కపెట్టుకున్నారు.

కాల్పులయ్యాక వెళ్లి చూస్తే శ్రీహరి అట్టలో ఐదు చిల్లులు, ఒక్క పిడికిలితో మూసేయొచ్చు. నిరోషా అట్ట మీద ఈగ వాలిన మచ్చ కూడా లేదు. పెద్దసారు వచ్చి కప్పు చేతిలో పెట్టి శ్రీహరి భుజం తట్టాడు. శ్రీహరి ఏదో చెప్పబోయాడు. ఆ లోపే అందరూ చప్పట్లు కొట్టేశారు.

సున్న వచ్చినవాళ్లు మూడు నెలలు మళ్లీ శిక్షణకు పోవాలి. ఇంట్లో పది నెలల పాప ఉంది, ఇంకా తల్లిపాలు మానలేదు. తుపాకిలోనే లోపముందని తేలితే మాత్రం నిరోషా ఇంకోసారి కాల్చొచ్చు.

"తుపాకిలనే ఏదో ఉంది" అన్నాడు శ్రీహరి, ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి పదోసారి.

"నాకైతే గురి మంచిగనే కుదిరింది" అంది నిరోషా. "ఒక్కో గుండు పోతుంటే, తగిలిందే అనుకున్న. గట్లెట్ల అనిపిచ్చిందో ఏమో. సిగ్గైతుంది."

టీవీ మీది కప్పును ఆమె కొంగుతో తుడిచింది. ఆమె అటు వెళ్లగానే అతను దాన్ని గడియారం వెనక్కి నెట్టాడు. ఆమె వచ్చి మళ్లీ ముందుకు జరిపింది.

"నీ కప్పు నువ్వే దాచుకుంటవేందయ్యా?"

"నీకు బాధైతదని."

"నాకేం బాధ? ఇంట్ల ఒక్కరికన్న వచ్చింది గద."

మర్నాడు పొద్దున పాపను మొగులమ్మకు అప్పజెప్పి ఇద్దరూ వికారాబాద్ రైలెక్కారు. దారి పొడుగునా శ్రీహరి కిటికీలోంచి కంది చేలు చూస్తూ కూర్చున్నాడు. నిరోషా ఇచ్చిన పల్లీలు చేతిలోనే ఉండిపోయాయి.

పోలీసు తుపాకులు బాగుచేసే యాకోబు మిలిటరీలో పనిచేసి వచ్చిన మనిషి. ఆయన కొట్టులో తాండూరు బండ పరిచిన పొడుగాటి బల్ల ఉంది. ఫైరింగులో వాడిన తుపాకులన్నీ శుభ్రం చేయడానికి ఆయన దగ్గరికే వచ్చాయి. నాలుగో నంబరుది తీసి బండ మీద పడుకోబెట్టాడు.

"వెనక సైటు వదులైందేమో చూడన్నా" అన్నాడు శ్రీహరి.

గురి చూసే ఆ ఇనుప ముక్కను యాకోబు వేలితో కదిలించాడు. కదల్లేదు.

"ముందు సైటు పక్కకు జరిగిందేమో."

"అది జొన్నగింజంత జరిగితే గుండు మూరెడు పక్కకు పోతది తమ్మీ. మొత్తానికే లేదనుకో, ఏనుగును నిలవెట్టినా తగల్దు." కళ్లద్దాలు ఎత్తి దగ్గరగా చూశాడు. "ఇది యాడుండాల్నో ఆడనే ఉంది."

"వానకు కట్టె ఉబ్బి గొట్టాన్ని నూకుతుందేమో."

యాకోబు గొట్టానికీ కట్టెకూ మధ్య కాగితం ముక్క దూర్చి జరిపాడు. సాఫీగా జరిగింది. మరలు బిగించి చూశాడు. గొట్టం మూతిలో గుండు మొన ఆనించి, అరిగిందేమో చూశాడు. అరగలేదు.

"నీకే ఫికరెక్కువున్నట్టుంది పెండ్లాం కంటె" అని నవ్వాడు.

శ్రీహరి నవ్వలేదు. "లోపముందని రాయరాదన్నా. పసిపిల్ల ఉంది ఇంట్ల."

"లేని లోపం రాయమంటవా?" నిరోషా అతని మీద విసుక్కుంది. "ఎందుకయ్యా గిట్ల పరువు తీస్తవు? నాది చెయ్యి బాగలేదు, ఒప్పుకుంట. పోత శిక్షణకు."

శ్రీహరి చెవులు ఎర్రబడ్డాయి.

యాకోబు వాళ్లను గుట్ట కిందికి తీసుకుపోయాడు. ఇసుక సంచుల మీద తుపాకిని ఆనించి, వంద గజాల దూరంలోని అట్ట మీదికి ఐదుసార్లు కాల్చాడు. ఐదు చిల్లులూ అరచేతి వెడల్పులో పడ్డాయి. నిరోషా ఆ అట్టను కాసేపు చూసి కళ్లు తుడుచుకుంది. తుపాకి మంచిదే. ఇక ఆమెకు చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు.

తిరిగి కొట్టుకు వచ్చారు. శ్రీహరి ఇంకా వదల్లేదు.

"ఒక్కదాన్నే చూస్తె ఏం తెలుస్తదన్నా?" అన్నాడు.

"సరే, పక్కదానితోని పోల్చి చూద్దాం" అంటూ యాకోబు లేచి గోడవారన ఉన్న ఐదో నంబరు తుపాకిని అందుకున్నాడు.

"అది వద్దన్నా" అన్నాడు శ్రీహరి గబుక్కున. "అది... అది మంచిగనే ఉంది గద."

అప్పటికే యాకోబు దాన్ని బండ మీద పెట్టి, గొట్టం మూతి దగ్గర బొటనవేలితో తడిమాడు. తడిమిన చోటనే వేలు ఆగిపోయింది. కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. తుపాకిని నిరోషా వైపు తిప్పి పెట్టాడు.

"మరి ఈమె ఐదు గుండ్లు ఎటు పోయినయన్నా?" అన్నాడు శ్రీహరి, ఆ తుపాకి వైపు చూడకుండానే.

"గది తర్వాత చూద్దాం గని, గీ ముందు సైటు ఊడిపోయిన తుపాకితోని నువ్వు ఐదుకు ఐదు ఎట్ల కొట్టినవో జర నీ పెండ్లానికి చెప్పు."