బాతు చొక్కా

పొయ్యి మీద సాసేజ్‌లు మాడిపోతున్నాయి. తినడానికి మాత్రం ఎవరూ చెయ్యి చాపడం లేదు.

అమెరికాలో, విల్లో బే స్టేడియం ముందు కార్లు నిలిపే మైదానం అది. నవంబరు ఆదివారం పొద్దున. కాకి అరిస్తే ఆ అరుపు గడ్డకట్టి టప్పున కింద పడేంత చలి.

బంతిని చేత్తో పట్టి ఆడే ఆ దేశపు ఫుట్‌బాల్ ఆట ఉన్నరోజు అక్కడ సూది మోపే సందుండదు. ఇవాళ ఒక పొయ్యి, ఒక ట్రక్కు, ఇద్దరు మనుషులు. పొయ్యి లవాన్‌ది. ట్రక్కు, అందులోని టీవీ కూడా, ఆవిడ మరిది డ్వేన్‌వి.

ఊరి జట్టు సాయర్స్ ఇవాళ ఆడుతున్నది జర్మనీలో, హాంబర్గ్‌లో. అయినా కాగితం మీద అది సొంతూరి ఆటేనట.

"పెళ్లికూతుర్ని ఓడెక్కించి, పెళ్లి మనింట్లోనే అని శుభలేఖలు పంచారు వదినా," అన్నాడు డ్వేన్. "ఇవాళ ఒక ఆట పోయింది. రేపు జట్టే పోతుంది. సరేగానీ ఆకలి దంచేస్తోంది. ఒకటిలా పడెయ్."

"బాతు తినకుండానా?"

బాతులంటే ఎదుటి జట్టు, డులూత్ డ్రేక్స్; డ్రేక్ అంటే మగబాతు. ఎదుటి జట్టువాడు ఒక్కడైనా ముందు తింటేగానీ మనవాళ్ల పళ్లెంలో ముక్క పడకూడదని లవాన్ భర్త పెట్టిన పద్ధతి. తిట్టేదీ వాణ్ణే, ముందు పెట్టేదీ వాడికే. ఆయన పోయినా పద్ధతి పోలేదు.

"బాతులన్నీ సముద్రం దాటి ఎగిరిపోయాయి వదినా!"

"అయితే ఇది ఆర్పేస్తా. అతిథి రాని పొయ్యి ఎందుకు? రేపు పాత ఇనప సామాన్లవాడికి ఇచ్చేస్తా."

ఆవిడ వేళాకోళానికి అనలేదు. నీళ్ల బకెట్టు ఎత్తింది.

"కాస్త ఆగండమ్మా," అన్నారెవరో.

పొడుగాటి మనిషి. బూడిదరంగు కోటు, చేతిలో చిన్న సంచి.

"ఆట ఇక్కడ కాదాండీ?"

"ఏ ఊరు నీది?" అడిగాడు డ్వేన్.

"హాంబర్గ్."

డ్వేన్ నవ్విన నవ్వుకి ట్రక్కు టైర్లలో గాలి దిగిపోవలసింది, ఎలాగో నిలిచింది.

"ఆట మీ ఊళ్లో అయ్యా! సొంతూరి ఆట అన్నారని సొంతూరికే వచ్చావా? ఓరి నా తండ్రీ, జర్మనీ మొత్తానికి తెలివంతా నీకే పెట్టాడు దేవుడు!"

"అలాగే అయిందండీ," అని ఆయన తల వంచుకున్నాడు.

"నవ్వకు మరిదీ. అన్నమాట నమ్మి వచ్చాడు." లవాన్ బకెట్టు దించింది. "బాబూ, ఒక ఉపకారం చేస్తావా? కాసేపు బాతువి కావాలి."

డ్వేన్ ఎప్పుడో పందెంలో గెల్చుకున్న డ్రేక్స్ వాళ్ల నీలం చొక్కా ట్రక్కులో ఉంది. దాన్ని కోటు మీదే తొడిగారు. చొక్కా చేతులు ఆయన మోచేతుల దగ్గరే ఆగిపోయాయి. ఆయన మాడిన సాసేజ్‌ని కొరికాడు.

"ఎలా ఉంది బాతుగారూ? గొంతు దిగుతోందా, ఈకలు అడ్డమా?" అడిగాడు డ్వేన్.

"మా అమ్మమ్మ చేసినట్టే ఉందండీ. మీకెక్కడిది ఇది?"

"మా ముత్తాత మీ దేశం నుంచి ఓడలో తెచ్చాడు."

"తెచ్చుకున్నా మాకేం తగ్గలేదండీ. ఇప్పటికీ తింటూనే ఉన్నాం."

డ్వేన్ మైదానం వైపు చెయ్యి ఊపాడు.

"సాసేజ్ వేరు. ఇక్కడ తిన్నా అక్కడ మిగులుతుంది. ఆట అక్కడాడితే ఇక్కడేం మిగిలింది? చూడు!"

ఆయన ఆ ఖాళీ మైదానాన్ని చాలాసేపు చూశాడు.

"నిజమేనండీ. అక్కణ్ణుంచి ఇది కనబడదు."

టీవీలో ఆట మొదలైంది. హాంబర్గ్ జనం ఒకటే కేకలు.

"మనోళ్ల చేతిలో బంతి ఉన్నప్పుడు అరుస్తారేంట్రా!" అని డ్వేన్ టీవీని తిట్టాడు. "మావాళ్ల మాట మావాళ్లకే వినపడొద్దూ? నోరు మూసుకోవాలి! బాతుల చేతికొస్తే అప్పుడు అరవాలి!"

"నేర్చుకుంటారండీ. చూడండి, ఎంతమంది చిన్నపిల్లలు వచ్చారో."

"నువ్వు బాతువి. నీకు మాట్లాడే హక్కు లేదు. ఇంకోటి తిను!"

ఈలోగా చర్చి వదిలారు. 'లవాన్‌కి బాతు దొరికిందట' అన్న మాట ఊళ్లోకి వెళ్లింది. ముందొక కారు వచ్చింది. తర్వాత వరస కట్టాయి. వచ్చినవాళ్లు వచ్చినట్టు నీలం చొక్కాని వెక్కిరించి, దాని వీపు తట్టి, పళ్లెం పట్టుకున్నారు. లవాన్‌కి సాసేజ్‌లు తిప్పడానికి రెండు చేతులు చాల్లేదు.

ఆట ముగింపుకొచ్చింది. సాయర్స్ చేతిలో బంతి. హాంబర్గ్ స్టేడియం అంతా ఒక్కసారిగా ఊపిరి బిగబట్టినట్టు నిశ్శబ్దమైంది.

"నేర్చేసుకున్నార్రా!" అన్నాడు డ్వేన్, తనకే నమ్మకం లేనట్టు.

ఆయన చొక్కా విప్పి మడత పెట్టాడు. విమానాశ్రయం బస్సుకి వేళైందట.

"నిప్పు ఆర్పేస్తారామ్మా?"

"ఎందుకార్పుతాను? వచ్చే ఆదివారం ఆట ఇక్కడే. ఆట మీ ఊళ్లో ఉన్నా పొయ్యి ఇక్కడే. మళ్లీ రా."

ఆయన ఆవిడ చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. ఏదో చెప్పబోయాడు. బస్సు హారను కొట్టింది.

"మంచి బాతు," అన్నాడు డ్వేన్, బస్సు వంతెన దాటుతుంటే. "పేరైనా అడగలేదు."

సాయర్స్ గెలిచింది. మైదానం అదిరిపోయేలా కేకలు. అంతలో టీవీ నిండా ఒక ఫొటో కనబడితే లవాన్ అందరినీ నోరు మూయించింది. బూడిదరంగు కోటు, ఆ ముఖమే.

విల్లో బే ఆటను హాంబర్గ్‌కి రప్పించడానికి ఏళ్ల తరబడి గడపగడపా ఎక్కి దిగిన ఎగ్గర్ట్ గారు ఈయనేననీ, 'ఎవరి ముంగిలి ఖాళీ చేశానో వాళ్లని ముందు పలకరించి రావాలి' అని తన ఆటను తానే చూడకుండా వెళ్లిపోయారనీ వ్యాఖ్యాత చెబుతున్నాడు.