నైరుతి మూల బరువు

"లోపలి గదిలో ఎవురన్నా ఉన్నారామ్మా?"

వీధి తలుపు దగ్గర నిలబడి ఒక ముసలాయన అడిగాడు.

ఆ లోపలి గదిలోనే చక్రాల కుర్చీలో ఉన్న కనకమ్మకు గుండె గుభేలుమంది. పట్టపగలు ఇంట్లో మనుషులున్నారా లేదా అని వాకబు చేసేవాడు దొంగ కాక దొరవుతాడా!

"ఎవురయ్యా నువ్వు? ఏం కావాల?"

"జహంగీర్ అంటారమ్మా. కొమరోలు మాది. మీ మిషన్ కింద చక్రాలు పెట్టి పోదామని వచ్చినా. ఏమీ ఇయ్యద్దు."

గది గుమ్మం సందులోంచి చూస్తే వీధి తలుపు దగ్గర ఆయన పక్కన నిజంగానే నాలుగు చక్రాల ఇనుప చట్రం ఉంది.

ఆ మిషనే కనకమ్మ పాలిటి శని. కొడుకు ఫణికృష్ణ గిద్దలూరులో ఇంట్లోనే వడ్రంగం చేస్తాడు. చెక్కను నున్నగా చెక్కే పాత చిత్రిక మిషన్ ఒకటి కొనుక్కొచ్చి, నైరుతి మూల బరువుండాలని సిద్ధాంతి చెప్పాడని సరిగ్గా తల్లి గది గుమ్మానికి అడ్డంగా దించాడు. మనిషైతే పక్కకు తిరిగి దూరొచ్చు. కుర్చీ దూరదు. అప్పట్నుంచి ఆమె వీధి మొహం చూడలేదు. గోడల్ని చూసీ చూసీ ఏడుపొచ్చేది.

"జరపరా నాయనా" అంటే, "కదపగూడదమ్మా. అది దిగినాంకనే గదా ఆర్డర్లు వచ్చేది" అనేవాడు.

అలాంటి కనకమ్మకు కూడా చక్రాలనగానే తట్టింది ఒకటే. అంత బరువును దొంగ దొర్లించుకుపోవాలంటే చక్రాలే గదా కావాల్సింది!

"ఒరే ఫణీ! దొంగరా!"

పెరట్లోంచి ఫణికృష్ణ పరిగెత్తుకొచ్చాడు. ముసలాయన్ను రెక్క పట్టుకుని వీధిలోకి నెట్టాడు.

"చట్రమన్నా పెట్టుకో నాయనా. అమ్మను లోపల ఉంచొద్దు" అంటూనే పోయాడాయన.

చట్రం వాకిట్లోనే పడి ఉంది. కొన్నాళ్లు చూసి చూసి కనకమ్మే అంది.

"ఒరే, నేను బయటికి పోయేంతసేపు జరిపి, మళ్ల ఆ మూలకే తోసుకోరా. వాస్తు పురుషుడు ఆ మాత్రం ఓర్చుకోడా?"

ఫణికృష్ణకు నవ్వొచ్చింది. పక్కింటివాళ్లను పిలిచి, మిషన్ను జాకీతో ఎత్తి, చట్రం మీద దించాడు. మిషన్ కాళ్లు అందులో కొలత తీసినట్టు కూర్చున్నాయి. ఒక్క చేత్తో తోస్తే మిషన్ కదిలింది.

కనకమ్మ కుర్చీ వీధిలోకొచ్చింది. ఎండ తగిలింది. ఎదురింటి పిచ్చమ్మ "ఎన్నాళ్లకొదినా!" అంది. కనకమ్మకు కళ్లనీళ్లాగలేదు. అంతటి మనిషిని దొంగంటినే అని సిగ్గుతో చచ్చిపోయింది.

పాత మిషన్లు అమ్మించే యల్లయ్య అటుగా పోతుంటే ఆపింది. ఈ మిషన్ ఇప్పించిందీ ఆయనే.

"కొమరోలు జహంగీర్ తెలుసాయ్యా? ఒకసారి పిల్చుకురా. కాళ్లు పట్టుకుంటా."

"ఇంకేడ జహంగీరక్కా! మొన్న శుక్రవారమే మట్టి చేసినాం."

కనకమ్మ ఇంట్లోని మిషన్ వైపు తిరిగి అడిగింది.

"మా మిషన్‌కు చక్రాలు పెట్టాలని ఆయనకెందుకయ్యా?"

యల్లయ్య తల దించుకున్నాడు.

"చెప్తే మీరు కొనరని చెప్పలేదక్కా. ఇది ఆయన మిషనే. వాళ్లింట్లో చెక్కపొట్టుకు నిప్పంటుకున్న రోజు గుమ్మానికి ఇదే అడ్డమై, లోపలి గదిలో మంచం పట్టిన కమ్రున్నీసాను, ఆయన భార్యను, బయటికి తేలేకపోయినాడు."