రేకు మిల్లు

మిర్యాలగూడలో కూల్చేసిన రైస్‌మిల్లు రేకులు తెచ్చి, ఉపేందర్ తన కంప్యూటర్‌కు ఇంట్లోనే కొత్త డబ్బా చేశాడు. అచ్చం మిల్లులాగే పొగగొట్టం పెట్టాడు, అగ్గిపెట్టెంత తలుపు కూడా పెట్టాడు.

భార్య శ్రీలత పడుకున్నాక స్విచ్ మీద వేలు పెట్టాడు. ఆ మిల్లులో మోటారు నడిపిన నాన్న, స్విచ్ వేసే ముందు రోజూ అడిగే మాట గుర్తొచ్చి సరదాగా తానూ అడిగాడు.

"లోపట ఎవరన్న ఉన్నరా?"

"జర ఆగు. బెల్టు ఎక్కిస్తున్న," అంది రేకుల లోపలి నుంచి ఓ గొంతు.

అది నాన్న గొంతు కాదు.

ఉపేందర్ వేలు తీసేశాడు. లోపలి మనిషి బయటికొచ్చేదాకా స్విచ్ ముట్టొద్దని నాన్న నేర్పాడు. వచ్చేదెవరో చూడాలని డబ్బా ముందే కూర్చున్నాడు.

చాలాసేపటికి ఆ చిన్న తలుపు కిర్రుమంది.